మామ ముందర కుర్చీ

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, మే పంతొమ్మిది, ఆదివారం. జొన్నరొట్టెలు, మేకమాంసం, పచ్చి ఉల్లిగడ్డ, మట్టి ముంతలో చల్ల. రొట్టెలు ఎన్ని? నాలుగు. కాదు, మూడున్నర. నాలుగోదాన్ని తుంచి, చిన్న ముక్క తన వైపు ఉంచుకుని, పెద్ద ముక్కను మాట్లాడకుండా ఇటు జరిపాడు మామ సోమ్లా. కొత్తల్లుడూ మామా ఒకే ఇత్తడి తాంబాళంలో, పేడతో అలికిన నేల మీద, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. తాంబాళం అంచుకి ఒక సొట్ట ఉండేది. ఆ సొట్టను పట్టుకో తుల్సీరాం, వదలకు. నొప్పి లేచినప్పుడల్లా ఒక తారీఖు పట్టుకోండి సార్, ఆ రోజు ఏం తిన్నారో మెతుకు మెతుకూ గుర్తు చేసుకోండి, తినడం అయిపోయేలోపు నొప్పి సగం దిగిపోతది అని నేర్పింది శ్యామల మేడం, వారానికి మూడుసార్లు వచ్చి కాలు కదిలించి పోయే ఫిజియోథెరపీ ఆమె. తుంటి మార్చి పంతొమ్మిది రోజులైంది, ఇన్నాళ్లూ ఆ కిటుకు పనిచేసింది. ఈ సాయంత్రం మూడున్నర రొట్టెలూ అయిపోయాయి, ముంత ఖాళీ అయింది, తుంటిలో నొప్పి మాత్రం పీట వేసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

కూర్చోవడం. ఎటు తిరిగినా మనసు ఆ మాట దగ్గరికే వస్తోంది. మంచానికి ఎదురుగా గోడ మీద కూతురు కవిత స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఉంది. కాలు మీద కాలు వేయొద్దు. ముందుకు వంగొద్దు. పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. నేల మీద కూర్చోవద్దు. దీని కింద మాత్రం రెండు గీతలు. బంతి కొత్తది, గిన్నె కొత్తది, వాటిని పట్టి ఉంచే కండ మాత్రం మీ పాతదే, అది కోత నుంచి తేరుకునేదాకా ఓపిక పట్టాలి అని హైదరాబాదులో సర్జన్ చెప్పాడు. శ్యామల మేడం తన తీరులో చెప్పింది. "మూడు నెలలు నేల ముట్టేది లేదు సార్. పెండ్లికి పిలిచినా కుర్చీయే, సావుకు పిలిచినా కుర్చీయే." అప్పుడు నవ్వాడు. ముప్పై ఒక్క ఏళ్లు పశువుల డాక్టరుగా భద్రాచలం అడవుల్లో ఊరూరూ తిరిగినవాడికి, ఇరవై ఏళ్ల కింద బర్రె తన్నిన తుంటితోనే ఆ ఊళ్లన్నీ తిరిగినవాడికి, కీలంటే ఏమిటో ఒకరు చెప్పాలా? అన్నీ తెలిసిన ఆ మనిషే ఇవాళ నాలుగు గంటలకు నేల మీద కాళ్లు ముడిచి కూర్చున్నాడు.

ఎవరూ బలవంతపెట్టలేదు. అదే కదా వింత. ఇల్లెందు అవతలి తండా నుంచి రెండు బస్సులు మారి, షేర్ ఆటోలో ఖానాపురం హవేలి దాకా వచ్చి, ఆడమనిషి కండక్టరుగా చేసే ఇల్లు ఏదని అడుగుతూ గుమ్మంలోకి వచ్చాడు మామ. ఎనభై దాటాయి. తలకు ఎర్ర రుమాలు, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఇప్పనూనె సీసా. తాత వస్తాడని తెలిసి కవిత పొద్దున డ్యూటీకి పోయే ముందే హాల్లో కుర్చీ తుడిచి పెట్టిపోయింది. మామ దాన్ని చూసి నవ్వాడు. "కుర్చీల కూసుంటే బస్సుల ఉన్నట్టే ఉంటది అల్లుడా. పొద్దటిసంది బస్సులనే ఉన్న." గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు, రుమాలు విప్పి పక్కన పెట్టుకున్నాడు, బట్టతల మీద చెమట తుడుచుకున్నాడు. "కోసి ఇనుము పెట్టిండ్రంట గదా. వానకాలం మరి, తుప్పు పట్టదా?" అన్నాడు. పట్టదు మామా, అది వేరే ఇనుము అన్నాడు తుల్సీరాం. అంటూ చూసుకున్నాడు. తను ఉన్నది రెండు దిండ్లు వేసి ఎత్తు చేసిన కుర్చీలో. చాచిన కాలు, ఉబ్బిన పాదం, సరిగ్గా మామ మొహానికి ఎదురుగా. ముప్పై మూడేళ్లలో ఒక్కనాడూ ఈ మనిషి కంటే ఎత్తులో కూర్చోలేదు. కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, నీళ్లు పల్లానికి పోవాలని ఎవరు చెబుతారు? తండాలో పెద్దమనిషి నేల మీద ఉంటే చిన్నవాడు నేల మీదే ఉంటాడు. డిగ్రీ తెచ్చుకుని, జీపెక్కి, జిల్లా అధికారుల పక్కన కుర్చీల్లో కూర్చుని వచ్చిన రోజున కూడా ఆ గుమ్మంలోకి రాగానే తుల్సీరాం మోకాళ్లు వాటంతటవే వంగేవి. ఇవాళ కూడా అవే వంగాయి. మామ అటు తిరిగి సంచిలో సీసా కోసం వెతుకుతున్నాడు. నడిచేందుకు ఇచ్చిన నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని, మంచి కాలు మీద బరువు వేసి, దిగి, దిగుతూనే ఉండి, ఆఖరి జానెడు ఆగలేక చతికిలబడి, అలవాటుగా కాళ్లు ముడుచుకున్నాడు. లోపల టక్కుమంది. పెద్ద చప్పుడు కాదు. పెట్టె మూత సరిగ్గా పడకపోతే వచ్చే చప్పుడు.

మామ ఇటు తిరిగి చూశాడు. ఆ మొహం. అదే ఇప్పుడు మీద పడి ఊపిరాడకుండా చేస్తోంది, నొప్పి కాదు. "అరె! మంచిగ కూసుంటున్నవ్ గదా! మంచంల పడ్డడు, ఇగ లేవడన్నరు తండల. పొయ్యి చెప్త నేను, నా అల్లుడు నా పక్కపొంటి నేల మీద కూసున్నడని." అవ్ మామా అన్నాడు తను. అవ్, ఏం గాలే. సీసా మూత తీసి నూనె వాసన చూపించాడు మామ, ఈసారి ఇప్ప బాగా కాసిందని, గింజలు తనే ఏరానని చెప్పాడు. తుల్సీరాం నవ్వుతూనే విన్నాడు, వీపు మీద చెమట కారుతుండగా. పది నిమిషాలు. ఆ తర్వాత నిద్రొస్తోంది మామా అన్నాడు. చంకల కింద చేతులు వేసి, అప్పుడే పుట్టిన దూడను నిలబెట్టినట్టు ఒక్క ఊపున లేపాడు ఆ ముసలాయన, మంచం దాకా నడిపించాడు, దిండు సర్దాడు, దుప్పటి కప్పాడు. నేను కూడ జర ఒరుగుత అని హాల్లో చాప పరుచుకున్నాడు. మంచం ఎక్కేటప్పుడు కాలు బరువు మోసిందా, మామ చేతులు మోశాయా? గుర్తు రావడం లేదు. దాని మీదే అంతా ఉంది. అదొక్కటే గుర్తు రావడం లేదు.

ఇప్పుడు ఐదుంబావు. హాల్లో గోడ గడియారం సగం కనిపిస్తుంది, పెద్ద ముల్లు కిందికి దిగేదాకా మాత్రమే కనిపిస్తుంది. జారిందా, జారలేదా? జారితే కాలు పొట్టిదవుతుంది, మోకాలు లోపలికి తిరుగుతుంది. ఎద్దు విషయంలో ఇదంతా ఎంత సులువు! వెనకాలకు పోయి నిలబడితే చాలు, రెండు తుంటెముకలూ ఒక చూపులో కనిపిస్తాయి, పొద్దుట పళ్లపుల్ల నములుతూ కూడా చెప్పేవాడు. తన వెనకాలకు తను ఎట్లా పోవాలి? లేచి వంగి చూడకూడదు. వంగితే జారనిది కూడా జారుతుంది. బీరువా అద్దంలో తన తల, దిండు, కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి, కాళ్లు మాత్రం అద్దం కిందికి పోయాయి. బొటనవేలు ఆడించాడు. ఆడింది. దుప్పటి కింద చిన్న ఎలుక కదిలినట్టు కదిలింది. నరం బతికే ఉంది. ఇదొక మేలు. కిటికీలోంచి ఎండ మంచం పట్టె మీదికి వచ్చి ఆగింది, మొహం మీదికి రాలేదు, అదొక మేలు. దాహం వేస్తోంది, నీళ్ల గ్లాసు చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. మేళ్లు ఏరుకోవడం ఈ నాలుగేళ్లలో అయిన అలవాటు, భార్య రుక్మిణి పోయినప్పటి నుంచి; రాత్రి పడుకోబోతూ మూడైనా దొరకనిదే కళ్లు మూసేవాడు కాదు. ఇవాళ మూడూ సాయంత్రానికే దొరికాయి, అయినా గుండె నెమ్మదించడం లేదు. రెండింటికి వేసుకున్న నొప్పి బిళ్ల ఇంకా పనిచేస్తూ ఉండాలి. అది మాటున పెట్టిన నొప్పి ఎంత? దాని వెనక ఏముంది? ఆరు దాటితే బిళ్ల దిగుతుంది, అప్పుడు తెలుస్తుంది. అప్పటిదాకా ఆగొచ్చా? జారితే ఎంత జల్దీ వస్తే అంత తేలిక, మత్తిచ్చి లాగి కూర్చోబెడతాం అన్నాడు సర్జన్, ఆలస్యం చేస్తే మళ్లీ కోత. మళ్లీ కోత. మళ్లీ ఆ తెల్లటి లైట్లు, మళ్లీ మూత్రం గొట్టం, కవిత మళ్లీ సెలవు కోసం డిపోలో నిలబడటం. ఈ కాలు మీద మళ్లీ నిలబడేది ఎప్పుడు, నిలబడేది ఉందా?

పిలిస్తే సరిపోతుంది. మామా అని ఒక్క పిలుపు. ఫోను హాల్లో టీవీ పక్కన చార్జింగులో ఉంది, మామ తెచ్చిస్తాడు, కవితకు చేస్తే భద్రాచలం బస్సులోంచే ఆమె అన్నీ చూసుకుంటుంది, ఆ పిల్లకు నోరుంది, ధైర్యముంది. కానీ బయట సందు చివర వినాయకుడి మండపం. మైకు మధ్యాహ్నం నుంచి మోగుతూనే ఉంది, కిటికీ రెక్క కూడా అదురుతోంది. ఈ మోతలో పిలిస్తే ఏం వినిపిస్తుంది, మామకు చెవులు అంతంత మాత్రం. మైకు ఆగాక పిలుద్దాం. చూడు, ఎంత చక్కటి సాకు దొరికిందో. ఒకసారి పిలిచి చూశావా? మామా, అన్నాడు తుల్సీరాం, తనకే వినిపించనంత మెల్లగా. చూశావా, వినిపించలేదు.

చర్ల దాటాక అడవిలో ఒక కోయపల్లె, బొజ్జయ్య ఇల్లు, డెబ్బై ఏడో డెబ్బై ఎనిమిదో, ఆషాఢం వానలు. కబురొచ్చి పోయేసరికి ఎద్దు కొట్టం ముందు మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, నాలుగోది గాల్లో వేలాడుతోంది. ఎప్పుడైంది అంటే బొజ్జయ్య నేల చూపులు చూశాడు. నాలుగు రోజులైంది సారూ. నాలుగు రోజులా! నాలుగు రోజులు ఏం చేస్తున్నావు, మొదటి రోజు వస్తే లాగి పెట్టేవాణ్ని కదా! గట్టిగానే అరిచాడు, అప్పుడు తనకు వయసుంది, ఉద్యోగం కొత్త, జీపు దిగి ఐదు మైళ్లు బురదలో నడిచిన కోపం ఉంది. బొజ్జయ్య గుడిసె వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా అన్న దున్నిండు సారూ. వాలు మీద దున్నుతుంటె ఎద్దు జారింది. కబురు పంపితె ఎట్లయిందని అందరు అడుగుతరు గద. అన్న మొహం ఎక్కడ పెట్టుకుంటడు?" అందుకని నాలుగు రోజులు అన్నదమ్ములిద్దరూ ఒకే ఎద్దును చూస్తూ, దానికి ఏం కానట్టే గడ్డి వేస్తూ ఉన్నారు. నలుగురు మనుషులు మోకు కట్టి లాగారు, తను మోకాలు ఆన్చి నెట్టాడు, గిన్నెలో అప్పటికే కండ పేరుకుంది, ఎముక ఎక్కలేదు. ఎంత మూర్ఖుడివయ్యా బొజ్జయ్యా అని తిరుగుదారి పొడవునా తిట్టుకున్నాడు. రాత్రి రుక్మిణికి కథలా చెప్పాడు కూడా. ఆమె రొట్టె తిప్పుతూ, "మరి అన్న మొహం ఎక్కడ పెట్టుకుంటడు?" అంది. అంతే అంది. ఆ రోజు తిన్నది రొట్టె, పప్పు, కాకరకాయ. తారీఖు గుర్తు లేదు.

పెద్ద ముల్లు ఇప్పుడు కనిపించడం లేదు. అంటే ఐదున్నర కావస్తోంది. గంటన్నర. తిట్టు తుల్సీరాం, బొజ్జయ్యను తిట్టినట్టు నిన్ను నువ్వు తిట్టుకో. తుంటిని కొంచెం, వెంట్రుకవాసి, కదిలించి చూశాడు. కత్తి కాదు, బరువైన మొద్దు నొప్పి, గజ్జల్లోంచి మోకాలి దాకా పాకింది. జారితే ఇంకా ఎక్కువ ఉండాలి కదా? బిళ్ల వల్ల తక్కువుందా? చెప్పలేడు. వేరేవాడి ఒళ్లయితే చెప్పగలడు, తన ఒళ్లు తనతో అబద్ధమాడుతోంది, తను మామతో అబద్ధమాడినట్టే. ఏం గాలే మామా. ఎక్కడో విన్నాడు ఈ మాట, ఇదే మాట, ఇంతే తేలిగ్గా. ఏం లేదు బాపూ, జర నీరసం. రుక్మిణి. రెండు వేల మూడు, దవాఖానా మంచం, చేతికి సెలైన్. తండాలో ఫోనున్న ఇంటికి చేసి సోమ్లాను పిలిపించమంటే పిలిపించాడు. రిసీవరు చెవికి పెట్టుకుని నవ్వుతూ అంది, ఏం లేదు బాపూ, నువ్వు రాకు, వానలు పడుతున్నయ్. పెట్టేశాక తనతో అంది, బాపుకు చెప్పకండి, తట్టుకోలేడు. చెప్పలేదు. ఆమె మాట కాదనలేదు. మామ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఏడవలేదు ఆ మనిషి. దినాలయ్యాక తండా బయట, కందిచేను గట్టు మీద ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం అడిగాడు. "నేను ఇరిగిపోతనని అనుకున్నరా మీరిద్దరు? ఇరిగితె ఇరుగుతుంటి. బిడ్డ మొహం చూసి ఇరుగుతుంటి గద." ఆ రోజు ఏం తిన్నాడో గుర్తు లేదు. ఏమీ తినలేదేమో.

ఇప్పుడు మళ్లీ. పోనీ, కవిత వచ్చాక ఆమెకు చెబుదాం, తాతను తండాకు పంపించేశాక, బాత్రూమ్‌లో జారానని. ఆరున్నరకు వస్తుంది. మామ నేల మీద కూర్చోవడం వల్ల కాదు, బాత్రూమ్‌లో. ఎంత తేలిగ్గా తయారవుతోందో చూడు అబద్ధం, దానికి టైలు కూడా తడిసి ఉంది, సబ్బు కూడా ఉంది. మామ సంతోషంగా పోతాడు, తండాలో కూర్చుని చెప్పుకుంటాడు, నా అల్లుడు నా పక్కపొంటి. తర్వాత ఎవరో ఒకరు చెబుతారు. నువ్వు పోయిన రోజే కదా ముసలాయనా, ఆ రాత్రే కదా మళ్లీ దవాఖానాకు తీసుకుపోయింది. అప్పుడు లెక్క కట్టుకోడా? ఎనభై ఏళ్లు పశువులు కాచినవాడికి ఏ రోజు ఏ కాలు ఎందుకు కుంటిందో కనిపెట్టడం రాదా? మైకులో పాట మారింది. ఇది మరీ పెద్దగా ఉంది. ఆగితే పిలుద్దాం. ఆగదు. రాత్రి పదింటిదాకా ఆగదు. పోనీ ఆగకపోతేనే మంచిదేమో.

అప్పుడు కరెంటు పోయింది. నెత్తి మీద ఫ్యాను రెక్కలు నెమ్మదిగా విడివిడిగా కనిపించాయి, నాలుగో, మూడో, మూడు. పాట చరణం మధ్యలో తెగింది. సందులో పిల్లల కేక, తర్వాత అదీ లేదు. ఎంత నిశ్శబ్దమంటే హాల్లో మామ ఊపిరి వినిపించింది, చాప మీద చెయ్యి కదిలిన చప్పుడు వినిపించింది. ఇంతకంటే ఏం కావాలి? ఇక పిలవకపోతే పిలవనట్టే. నీళ్లు తాగి పిలుద్దాం. వద్దు, తాగాక ఇంకోటి గుర్తొస్తుంది.

"మామా!"

చాప మీద చెయ్యి ఆగింది.

"మామా, జర రా. నేను మంచిగ లేను."

మామ గుమ్మంలో నిలబడ్డాడు, వెలుతురు వెనక ఉండటంతో మొహం కనిపించలేదు. అదీ ఒక మేలే. తుల్సీరాం కళ్లు గోడ మీది కాగితం వైపు తిప్పి చెప్పేశాడు. నేల మీద కూర్చున్నప్పుడు లోపల టక్కుమంది మామా. ఎముక గిన్నెలోంచి జారిందో లేదో నాకు తెలుస్తలేదు. నువ్వు చూడాలె. నేను చెప్పినట్టు చూడు. ముసలాయన మంచం దగ్గరికి వచ్చాడు. దుప్పటి మెల్లగా తీశాడు, దిండు కదలకుండా. మంచం చివరకు పోయి, అచ్చం ఎద్దు వెనకాల నిలబడ్డట్టే, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"మోకాలి చిప్ప లోపలికి తిరిగిందా మామా?"

"లేదు. రెండు పైకే సూస్తున్నయ్."

"పాదం?"

"పాదం వాసినట్టుంది. తిరగలే."

"పొడుగు చూడాలె. ఇగో, ఇక్కడ బొడ్డుకు పక్కన ఎముక తగుల్తది చూడు, ఆడికెల్లి చీలమండ లోపలి ఎముక దాక కొలువు. రెండు కాళ్లు."

మామ హాల్లోకి పోయి ఎర్ర రుమాలు తెచ్చాడు. దాని అంచును రెండు చేతుల మధ్య బిగదీశాడు. ఎండిన వేళ్లు తుంటెముక మీద ఆగాయి, వెతికాయి, పట్టుకున్నాయి. మంచి కాలు కొలిచి, గుడ్డకు ముడి వేశాడు. తర్వాత కోసిన కాలు. కుట్ల మీద గుడ్డ తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు. ఎంతసేపు కొలిచాడో. మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. తుల్సీరాం పైన ఆగిపోయిన ఫ్యానును చూస్తూ ఉన్నాడు. ఏదైనా తారీఖు, ఏదో ఒక తారీఖు, ఉప్మా, అన్నం, ఏదైనా. ఒక్కటీ రాలేదు.

"సమానం లెవ్వు," అన్నాడు మామ.

"ఏ కాలు పొట్టి మామా?"

మామ ముడి దగ్గర బొటనవేలు పెట్టి ఇంకోసారి చూసుకున్నాడు. "పొట్టి గాదు. కోసిన కాలే పొడుగుంది. సగం ఏలు."

పొడుగు. సగం వేలు. తుల్సీరాం ఆ రెండు మాటలనూ నోట్లో తిప్పుకున్నాడు. జారిన ఎముక పైకి ఎక్కుతుంది, పైకెక్కితే కాలు పొట్టిదవుతుంది, ఇది పొడుగుంది, కొత్త బంతి పెట్టినప్పుడు కొందరికి కొంచెం పొడుగవుతుందని, చెప్పు కింద అట్ట వేసుకోవాలని సర్జన్ పోయేటప్పుడు చెప్పనే చెప్పాడు, అప్పుడది పెద్ద బాధలా అనిపించింది. నవ్వు వచ్చింది. నవ్వితే తుంటి నొచ్చింది. నవ్వుతూనే కళ్లమ్మట నీళ్లు కారి రెండు చెవుల్లోకి పోయాయి. జారలేదు మామా, జారలే, కండ ఎక్కడో పట్టుకున్నది, అంతే. మామ నవ్వలేదు. రుమాలుకు వేసిన ముడి విప్పుతూ, విప్పడం రానట్టు దానితోనే ఉన్నాడు.

"నేల మీద కూసోవద్దన్నరా డాక్టర్లు?"

"అవ్."

"మరెందుకు దిగినవ్?"

"నువ్వు కింద కూసున్నవ్ గదా మామా."

ముసలాయన తల ఎత్తాడు. గోడ మీది కాగితం దగ్గరికి పోయి నిలబడ్డాడు. చదువు రాదు. రెండు గీతలున్న చోట వేలు పెట్టి, "ఇదేనా?" అన్నాడు. అవ్ అన్నాడు తుల్సీరాం. "గింత పెద్దగ రాసిపెట్టుకొని నాకు చెప్పలేదు ఎవ్వరు," అని గొణిగి, కొంచెం ఆగి, గొంతు మార్చి అన్నాడు. "చెప్పినవ్ లే. ఈసారి చెప్పినవ్." ఆ తర్వాత గ్లాసు అందించాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఏడింటికి కవిత వచ్చింది, ఖాకీ చొక్కా మీద అడవి దారి దుమ్ముతో, సంచి దించకముందే విషయం విని, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. పాల్వంచ దగ్గర టైరు పంచరై అర్ధగంట కూర్చున్న చిరాకంతా ఇక్కడ దిగింది. "ఒకాయన పశువుల డాక్టరు, ఒకాయన పశువుల కాపరి. ఇద్దరు గలిసి నా ఇంట్ల కాళ్లు కొలుస్తుండ్రు! బాపూ, నువ్వేమన్న ఎద్దువా?" అని, తాత వైపు తిరిగి, "నువ్వు జెప్పు తాతా, గా కుర్చీ నేనెందుకు తుడిచి పెట్టిన, సూస్కొనీకా?" అంది. సోమ్లా నేరం ఒప్పుకున్నవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోన్లో సర్జన్ అన్నీ అడిగాడు, పాదం తిరిగిందా, వేళ్లు కదులుతున్నాయా, కాలు ఆన్చగలుగుతున్నాడా. ఇద్దరూ చెరో పక్క పట్టుకుంటే లేచి నిలబడ్డాడు తుల్సీరాం. కాలు నేల మీద పెట్టే ముందు ఒక్క క్షణం మూడు ఊపిర్లూ ఆగాయి. పెట్టాడు. బరువు దిగింది, నొప్పి లేచింది, కాలు మాత్రం నిలబడింది. ఐసు పెట్టండి, పొద్దున్నే అక్కడే ఎక్స్‌రే తీయించి ఫోన్ చేయండి, ఇంకోసారి ఇట్లా చేస్తే అదృష్టం ఉండదు అన్నాడు సర్జన్. కవిత ఆ ఆఖరి మాటను ఇద్దరికీ రెండుసార్లు వినిపించింది. కరెంటు వచ్చింది, మైకూ వచ్చింది, పాట తెగిన చోటు నుంచి కాక మొదటి నుంచి మొదలైంది.

అన్నాలు తినే వేళకు మామ ఎవరూ చెప్పకుండానే హాల్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి మంచం పక్కన వేసుకున్నాడు. దాని మీద కూర్చున్నాడు. అలవాటు లేని మనిషి. రెండు చేతులతోనూ కుర్చీ చేతులను పట్టుకుని, గుంటల రోడ్డు మీద పోతున్న బస్సులో ఉన్నట్టు బిగుసుకుని, పాదాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకదాని మీద ఒకటి పెట్టుకుని. కవిత పళ్లెం చేతికిస్తే ఒళ్లో పెట్టుకుని తిన్నాడు, పప్పు పంచె మీద ఒలికింది, ఎవరూ చూడనట్టు తుడుచుకున్నాడు. తుల్సీరాం దిండుకు ఆనుకుని తిన్నాడు. ఇద్దరి తలలూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. తినడం అయ్యాక కవిత పళ్లేలు తీసుకుపోయింది, తలుపు అవతల గిన్నెల చప్పుడు, తర్వాత చాప దులిపిన చప్పుడు. తాతా, పడుకుందువు రా అని పిలిచింది. మామ రానని చెయ్యి ఊపాడు. నేను ఈడనే కూసుంట, రాత్రి ఏమన్న గావాలంటే? కుర్చీలో సర్దుకున్నాడు, నడుము నిటారుగా పెట్టుకున్నాడు, ఐదు నిమిషాలకు నడుము వంగింది, మళ్లీ నిటారుగా పెట్టుకున్నాడు. ఎనభై ఏళ్ల నడుము అది, రెండు బస్సులు మారి వచ్చింది, దానికి నేల కావాలి. పడుకో మామా అంటే పడుకోడు, చెప్పి లాభం లేదు, ఆ మొండితనం రుక్మిణిలోనూ ఉండేది. తుల్సీరాం దుప్పటి కప్పుకుని, దిండును మోకాళ్ల మధ్య సరిచేసుకుని, కళ్లు మూసుకున్నాడు. ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదిలాడు, నిద్రపోయినవాడు వదిలినట్టు. కుట్ల దగ్గర నొప్పి సూది పొడిచింది, మొహం కదలనివ్వలేదు. ఇంకో ఊపిరి. ఇంకొకటి. చాలాసేపటికి కుర్చీ కిర్రుమంది. లేచిన మనిషి కాసేపు మంచం దగ్గరే నిలబడ్డాడు, వంగి, కాళ్ల వైపు దుప్పటి మీంచి రెండు పాదాలనూ చూసినట్టుంది. చెయ్యి ఒకటి మడమ దగ్గర ఆనీ ఆననట్టు ఆని తీసింది. తర్వాత వట్టి పాదాల అడుగులు గుమ్మం వైపు పోయాయి. తలుపు రెక్క చప్పుడు చేయకుండా అరచేత్తో ఆపి, మెల్లగా, చివరిదాకా పట్టుకునే, దగ్గరకు వేశాడు.